మీసాల పోలీసుకు నా గొంతు

ఆ ఇటలీ పోలీసు మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎప్పుడో డెబ్భైలలో తీసిన సినిమాలు అవి. ఎవరి దేశంలో వాళ్ళు చూసుకుని, ఎవరి గోల వాళ్ళు పడి, అటకెక్కించేసినవి. పాతికేళ్ళ తర్వాత, తొంభైల చివర్లో, వెతుక్కుంటూ వచ్చినట్టు మా ఊరికొచ్చి నా నెత్తిన పడ్డాయి. చూసి వదిలేసినవాళ్ళకు ఏ బాధా లేదు. నేను చూసి వదిలేయలేదు. ఆరేడు నెలలపాటు, వారానికి మూడు మధ్యాహ్నాలు, ఆ మీసాల పోలీసు ఏం మాట్లాడుతున్నాడో మా ఊరందరికీ తెలుగులో చెప్పింది నేనే. నాకు ఇటాలియన్ ముక్క రాదు.

మా ఊరు చిలకలూరిపేట నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో ఉంటుంది. పత్తి, మిరప, కొంచెం పొగాకు. నేను బి.ఎడ్. పూర్తిచేసి, టీచరు ఉద్యోగాల ప్రకటన ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అని ఎదురుచూస్తూ, ఊరి కేబుల్ టీవీలో సాయంత్రం వార్తలు చదివేదాన్ని. వార్తలంటే పెద్దవేం కాదు. రేషను షాపుకు చక్కెర వచ్చింది, పడమటి బజారులో చూడిగేదె తప్పిపోయింది, శుక్రవారం చర్చిలో ఉపవాస కూడిక, రేపు పొద్దున కుళాయి నీళ్ళు రావు. పత్తిగింజల గోడౌను పైన ఒక గది, అందులో రెండు వీసీఆర్‌లు, ఒక మైకు, ఒక కుర్చీ. మైకులో చప్పుడొస్తుందని ఫ్యాను కట్టేసేవాళ్ళు. ఆ ఉక్కలో కూర్చుని గేదె ఆనవాళ్ళు చదవడం నా మొదటి ఉద్యోగం.

కేబుల్ ఓనరు మధ్యాహ్నం పూట కొత్త తెలుగు సినిమాలు వేసేవాడు. సినిమా హాలువాళ్ళు మనుషుల్ని వేసుకుని వచ్చి గొడవ చేశారు. దాంతో ఆయన మద్రాసు వెళ్ళి బర్మా బజారులో ఒక గోతంనిండా విదేశీ క్యాసెట్లు కొనుక్కొచ్చాడు. గోతం విప్పితే సగానికి సగం ఇటలీ పోలీసు సినిమాలే.

"ఇవయితే ఏ గొడవా లేదు మేడమ్. ఇటలీ నుంచి ఎవడొస్తాడు మన మీదికి?" అన్నాడు.

బొమ్మ కింద అక్షరాలు పడుతున్నాయి గానీ అవి అరబ్బీ. ఏ గల్ఫు దేశంలోనో కాపీ కొట్టినవి కాబోలు. మసీదు వీధి దర్జీని పిలిపించారు. ఆయన పదినిమిషాలు గడగడా చదివి, "చదవడం వచ్చండీ, అర్థం మాత్రం నాకు తెలవదు," అని నిజాయితీగా చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఓనరు నా వైపు తిరిగాడు. "మీరు తెలుగు చదువుకున్నారు గదా మేడమ్. బొమ్మ చూస్తా ఏదో ఒకటి చెప్పండి. జనానికి కథ అర్థమైతే చాలు." తెలుగు చదువుకున్నదానికి ఇటాలియన్ అర్థం చెప్పడమేమిటని అడిగాను. "గొంతు బాగుంటదని," అన్నాడు. పోనీ ముందు ఒకసారి చూసి రాసుకుంటానంటే క్యాసెట్టు అరిగిపోతుందని ఒప్పుకోలేదు. సినిమా జనంతోపాటే నేనూ చూడాలి, చూస్తూనే చెప్పాలి. నేను మీట నొక్కితే ఇటలీవాళ్ళ గొంతులు తగ్గి నా గొంతు వచ్చేది, వదిలితే మళ్ళీ వాళ్ళ గోల.

ఆ సినిమాల సంగతి చెప్పాలంటే ఒకటి చెబితే పదీ చెప్పినట్టే. మొదటి ఐదు నిమిషాల్లో బ్యాంకు దోపిడీయో, మోటారుసైకిల్ మీద ఇద్దరొచ్చి ఎవరినో కాల్చడమో. తర్వాత మీసాలు, తోలు జాకెట్టు వేసుకున్న పోలీసు వస్తాడు. దొంగను పట్టుకుంటాడు. సాయంత్రానికల్లా జడ్జిగారు సాక్ష్యం చాలదని వదిలేస్తాడు. పోలీసు వెళ్ళి పై అధికారి బల్ల గుద్దుతాడు. పై అధికారి తిరిగి బల్ల గుద్దుతాడు. అక్కణ్ణుంచి పోలీసు కనబడినవాణ్ణల్లా చెంపలు వాయిస్తాడు. బారులోవాణ్ణి, గ్యారేజీలోవాణ్ణి, పేకాడుకునేవాణ్ణి, ఒకసారి అయితే దారి చెప్పినవాణ్ణి కూడా. కార్లు కూరగాయల బళ్ళను గుద్దుకుంటూ పోతాయి. పెళ్ళాం బిడ్డలున్న పోలీసు ఒకడుంటాడు, సగంలో వాడు చస్తాడు. రక్తం కళ్ళంలో ఎండిన మిరపకాయల రంగులో ఉంటుంది. అదే మీసాలాయన సగం సినిమాల్లో ఉండేవాడు, ప్రతిదాంట్లో కొత్త పోలీసే. జనానికి ఆ తేడా చెప్పలేక అన్నీ ఒకడి కథేనని చెప్పేశాను. ఒక సినిమాలో చచ్చిపోయినవాడు వారం తిరిగేసరికి ఎలా బతికాడని టీకొట్టు దగ్గర అడిగారు. అది ముందు జరిగిన కథ అని బుకాయించాను.

అసలు తప్పు మొదటిరోజే చేశాను. సినిమాలో దొంగల దగ్గర తెల్ల పొడి పొట్లాలున్నాయి. ఓడలో వస్తాయి, లారీలో పోతాయి, వాటి కోసం మనుషుల్ని కాలుస్తారు. మత్తుమందుల గురించి పేపర్లో చదవడమే తప్ప నేనెప్పుడు చూశాను? నాకు యూరియాలా కనిపించింది. యూరియా కోసం మనుషుల్ని చంపేదేముంటుందని క్షణం తడబడి, "ఇదిగో, కల్తీ పురుగుమందు!" అనేశాను. అది పత్తి పోయిన ఏడాది. శనగపచ్చ పురుగు ఊళ్ళకు ఊళ్ళు తినేసి వెళ్ళిన ఏడాది. మా ఊళ్ళో ఆ సంవత్సరం ఎవరి నోట విన్నా కల్తీ మందు అనే మాటే. నా నోటికీ అదే వచ్చింది.

అంతే, ఊరు టీవీలకు అతుక్కుపోయింది. కల్తీ మందుల ముఠాను తన్నే పోలీసు! బజారులో మిరపకాయలు తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా మూడు కాగానే చేతులు కడుక్కుని ఎవరింట్లో టీవీ ఉంటే అక్కడికి చేరేవాళ్ళు. సినిమాలో మీసాలాయన పొట్లం చింపి వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకుని చూస్తాడు. మర్నాడు ఒక రైతు నన్ను దారిలో ఆపాడు.

"అదేందమ్మా, పురుగుమందు నాలిక మీద ఏసుకుంటన్నాడు? సచ్చిపోడా?"

"కల్తీది కదండీ. అందుకే చావలేదు. చావకపోతే కల్తీ అని తెలుసుకుంటాడు," అన్నాను. ఆ తెలివితేటలకు నా భుజం నేనే తట్టుకుంటూ నాలుగడుగులు వేశాక, ఎవరైనా నిజంగానే నాలిక మీద వేసుకుంటారేమోనని ఆగిపోయాను. ఆ సాయంత్రం వార్తల్లో, తప్పిపోయిన గేదెకు ముందు, "రైతు సోదరులెవరూ పురుగుమందును నాలికతో పరీక్షించరాదు" అని మూడుసార్లు చదివాను. ఓనరు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదంటే, మా బాబాయి ఇంట్లో ఒక డబ్బా ఉంది.

మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, ఆ ఏడాది మూడెకరాలు పత్తి వేశాడు. పురుగు పడింది. ఊళ్ళో పురుగుమందుల కొట్టులో డబ్బాలు తెచ్చి కొట్టాడు. కొట్టిన మర్నాడు చేలోకి వెళితే పురుగులు కాయల మీద తీరుబడిగా ఉన్నాయి. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ కొట్టాడు. చివరికి చేను దున్నేశాడు. దున్నేసి వచ్చి అరుగు మీద కూర్చున్నవాడు మూడు నెలలు మాట్లాడలేదు. పెడితే రెండు ముద్దలు తినేవాడు, లేకపోతే లేదు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఎలాంటి కబుర్లు వచ్చేవో అందరికీ తెలుసు. మా పిన్ని ఆయన్ని ఒక్కణ్ణీ పొలం వెళ్ళనిచ్చేది కాదు. ఏ వంకో పెట్టుకుని వెనకాల నడిచేది. ఇంట్లో ఉన్న పాత మందు సీసాలన్నీ ఏరి వాగు అవతల గుంట తవ్వి పూడ్చింది.

ఒక్క డబ్బా మాత్రం పూడ్చలేకపోయింది. ఆఖరుసారి తెచ్చినవాటిలో మిగిలినది, మూత సీలు కూడా తీయనిది. ఆ డబ్బా ఉందని తెలిసి, కంపెనీ మీద కేసు వేయిద్దామని నేనే బాబాయిని గుంటూరు లాక్కెళ్ళాను. బ్రాడీపేటలో ఒక లాయరుగారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, కొట్టువాళ్ళిచ్చిన బిల్లు చీటీ మీది బ్యాచి నంబరు, డబ్బా మీది బ్యాచి నంబరు కలిపి చూశారు. "అమ్మా, వాడేసిన డబ్బాలు వంద తెచ్చినా ఎందుకూ పనికిరావు. ఈ ఒక్కటీ ఉంటే చాలు. దీన్ని వినియోగదారుల ఫోరంవాళ్ళు ల్యాబుకు పంపుతారు. రిపోర్టులో మందు లేదని తేలితే కంపెనీ దిగి రావాల్సిందే. ఒకటే గుర్తుపెట్టుకోండి, సీలు పోతే కేసు పోయినట్టే," అన్నారు.

డబ్బా ఇంట్లో ఉండాలంటే పిన్ని ససేమిరా అంది. మా ఇంట్లో పెడతానంటే, తమ్ముణ్ణి అలా చూసి మా నాన్న మనసు మాత్రం ఏం బాగుందంది. చివరికి తన ఇనపపెట్టెలో, పెళ్ళిచీర కింద పెట్టి, తాళం వేసి, తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకుంది. స్నానానికి వెళ్ళినా అది ఆమె ఒంటిమీదే. "ఈ కేసు ఎప్పుడయిపోద్దే? ఇది ఇంట్లోంచి ఎప్పుడు పోద్దే?" అని కనపడినప్పుడల్లా అడిగేది. వచ్చే వాయిదాకు పిన్నీ అనేదాన్ని. కంపెనీ తరపు లాయరు ప్రతి వాయిదాకూ గడువు అడిగేవాడు. నేను ప్రతిసారీ పిన్నికి అదే మాట చెప్పేదాన్ని.

ఈ లోపల మీసాలాయన వచ్చాడు.

బాబాయి మొదట ఊరికే చూశాడు. పక్కింట్లో టీవీ మోగుతుంటే, నా గొంతని గుర్తుపట్టి లేచి వెళ్ళాడట. రెండో సినిమాకు ముందు వరుసలో కూర్చున్నాడు. మూడోదానికి, పోలీసు కల్తీ ముఠావాణ్ణి లాగి కొడితే, చప్పట్లు కొట్టాడు. ఆ రోజు ఇంటికొచ్చి పచ్చడి వేసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని పిన్ని పరిగెత్తుకొచ్చి మాకు చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

"నీకు పున్నెముంటదే. ఆ పోలీసు చేత ఇంకో నాలుగు తన్నియ్యవే," అంది.

ఏం చేయను? తన్నించాను. తెర మీద ఆయన ఒకటి కొడితే నేను మాటలతో నాలుగు కొట్టాను. ఎవడో పాపం ఇటలీ కాఫీ హోటలువాడు, వాడికి ఈ కథతో ఏం సంబంధమో దేవుడికెరుక, వాణ్ణి కూడా కల్తీ మందుల ఏజెంటును చేసేసి కొట్టించాను. జడ్జిగారు కనబడితే చాలు, "ల్యాబు రిపోర్టు రాలేదు, వాయిదా!" అనిపించాను. ఊరంతా పళ్ళు నూరింది. బాబాయి మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట సినిమా గురించి, తర్వాత వాన గురించి, ఆ తర్వాత ఈసారి మిరప వేద్దామా అని. నేను సంతోషించాను. సంతోషిస్తూనే విసుక్కున్నాను కూడా, ఎందుకంటే ఆయన నాతో వాదన మొదలుపెట్టాడు.

"ఈ కోర్టులెందుకు అమ్మాయ్? ఆ పోలీసు చూడు, ఎల్లాడు, కొట్టాడు, తేల్చాడు."

"అది సినిమా బాబాయ్."

"సినిమా అయితే? చెప్పేది నువ్వేగా. నువ్వు అబద్ధం చెబుతావా?"

అందులో ఒక్క మాటా నిజం కాదని చెప్పొచ్చు. ఆ పొడి పురుగుమందు కాదని, ఆ పోలీసు ఏమంటున్నాడో నాకు తెలియదని, తెలిసినట్టు మీట నొక్కి వాగుతున్నానని చెప్పొచ్చు. చెబితే మళ్ళీ అరుగు మీద కూర్చుంటాడేమోనని భయం. చెప్పలేదు.

ఈ గోలంతటిలో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించినవాడు మందుల కొట్టాయన. బాబాయికి ఆ డబ్బాలు అమ్మింది ఆయనే. సినిమా నడుస్తున్నంతసేపూ తెర కింద ఆయన కొట్టు ప్రకటనే పరిగెత్తేది, నమ్మకమైన మందులు, నాణ్యమైన విత్తనాలు అని. పైన మీసాలాయన కల్తీవాళ్ళ చెంపలు వాయిస్తుంటే కింద ఈయన పేరు. కొట్టులో ఆయనకూ ఒక టీవీ ఉంది, ఆయనా వదలకుండా చూసేవాడు. ఒకసారి ఎదురుపడి, "అమ్మా, బాగా చెబుతున్నారు. కల్తీ ఎదవల్ని అట్టాగే తన్నాలండి. ఆళ్ళ మూలంగా మాలాంటోళ్ళకు చెడ్డపేరు," అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు, మనస్ఫూర్తిగానే అంటున్నాడు. కంపెనీ పంపింది అమ్మాను, అంతకంటే నాకేం తెలుసు అనేది ఆయన మాట. అది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

ఎండలు ముదిరాక ఒక సోమవారం గుంటూరు వెళ్ళాం, నేనూ బాబాయీ. ఎట్టకేలకు గురువారం డబ్బా తెచ్చి అప్పగించమన్నారు, ల్యాబుకు పంపుతామన్నారు. ఇంకో మూడు రోజులు. ఆ మాట వినడానికి పొద్దున్నించి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. కంపెనీ లాయరు ఆ రోజు కూడా గడువు అడిగాడు. మా వైపు చూసి చిన్నగా నవ్వాడు. దానికి నేను లోపల ఎంత ఉడికిపోయానో చెప్పలేను. బస్సు దిగి బాబాయిని ఇంటికి పంపి, మొహం కూడా కడుక్కోకుండా కేబుల్ గది మెట్లెక్కాను. అప్పటికే సినిమా మొదలైంది. ఓనరు నా చేతిలో మైకు పెట్టి, "కానివ్వండి మేడమ్, జనం ఫోన్లు చేస్తన్నారు," అన్నాడు.

ఆ సినిమాలో ఒక పెద్ద ఆఫీసు ఉంది. అద్దాల బల్ల వెనక సూటు వేసుకున్నవాడు కూర్చుని ఉన్నాడు. మీసాలాయన తలుపు తన్నుకుని లోపలికి వచ్చాడు. జేబులోంచి పొట్లం తీశాడు. కత్తితో చీల్చాడు. సూటువాడు చిన్నగా నవ్వాడు, అచ్చం ఆ లాయరు నవ్వినట్టే. నా చెయ్యి మీట మీద పడింది.

"వాయిదాలు అడుగుతావురా? గడువులు అడుగుతావురా? నేను కోర్టుకెళ్ళి సాక్ష్యం చూపించేదెప్పుడు, నీకు బుద్ధొచ్చేదెప్పుడు? సాక్ష్యం కోర్టుకెందుకురా, నీకే చూపిస్తా! ఇదిగో నీ మందు! పట్టు!"

మీసాలాయన పొడి మొత్తం వాడి బల్ల మీద కుమ్మరించాడు. అంత బాగా కుదిరిన మాటలు నేను ఆరునెలల్లో ఎప్పుడూ చెప్పలేదు. ఓనరు చప్పట్లు కొట్టాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో. పొద్దున్నించి పడ్డ విసుగంతా ఆ బల్ల మీద పోసేసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

ఇంకో అరగంట సినిమా ఉంది. చివర్లో మీసాలాయన ఒక రాతిమెట్ల దగ్గర నిలబడి సిగరెట్టు వెలిగించుకుంటుంటే మోటారుసైకిల్ మీద ఇద్దరొచ్చి కాల్చేస్తారు. మెట్ల మీద పడిపోతాడు. దాని కోసం నాలుగు మాటలు చెప్పి మైకు కట్టేశాను. కిందికి దిగేసరికి బజారు మొత్తం మందుల కొట్టువైపు పరిగెడుతోంది. "మీ బాబాయే, మీ బాబాయే," అని ఎవరో అన్నారు. పురుగుమందు వాసన నాకు మలుపు దగ్గరే తగిలింది.

కొట్టు ముందు జనం గుమిగూడి ఉన్నారు. నెట్టుకుని లోపలికి వెళ్ళాను. బిల్లుపుస్తకాల మీద, త్రాసు మీద, బల్ల అంచుల నుంచి నేల మీదికి మందు కారుతోంది. మధ్యలో బాబాయి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రొమ్ము విరుచుకుని, మీసాలాయన నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు. జనం ఈలలు వేస్తున్నారు. ఇలా జరిగిందట: పక్కింట్లో సినిమా చూస్తూ, నేను ఆ మాటలు అంటుండగానే లేచాడు. పిన్ని మిరప కళ్ళంలో కాయలు ఏరుతోంది. ఇంటికి వెళ్ళి గునపంతో పెట్టె తాళం పగలగొట్టాడు. పెళ్ళిచీర కిందనుంచి డబ్బా తీసుకుని, బజారు మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి, కొట్టాయన ఎదురుగా సీలు పీకి, "ఇదిగో నీ మందు! పట్టు!" అని పోశాడు. పోస్తున్నప్పుడు కొట్టులో టీవీ నడుస్తూనే ఉందని, అందులోంచి నా గొంతు వస్తూనే ఉందని తర్వాత చెప్పారు.

కొట్టాయన పనివాణ్ణి పిలిచి రంపపు పొట్టు తెమ్మన్నాడు. బల్ల మీద పోయించాడు. ఖాళీ డబ్బాను తీసి, పాత అట్టపెట్టెల్లోకి విసిరేశాడు. "పెద్దాయన బాధలో ఉన్నాడు, ఏం అనకండిరా," అని జనంతోనే అన్నాడు. అదింకా ఒళ్ళు మండించింది.

"ఏం చేశావు బాబాయ్! సీలు! గురువారం! మూడు రోజులు ఆగలేకపోయావా? ఆరునెలలు కూర్చున్నాం, మూడు రోజులు!" అని అరిచాను. నా గొంతు గట్టిదని పేరు కదా, ఊరంతా వినపడి ఉంటుంది.

ఆయన నా వైపు అయోమయంగా చూశాడు. "నువ్వేగా అమ్మాయ్ అన్నావు, సాక్ష్యం కోర్టుకెందుకని. నువ్వు ఈయాల గుంటూరులో విసుక్కోవడం చూశానుగా. నీ మాటే చేశా," అన్నాడు. ఆయన కళ్ళు నా మెప్పు కోసం చూస్తున్నాయి. నా మీద నాకొచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అక్కడి జనాన్ని తిట్టాను. ఈలలు వేయడానికి సిగ్గులేదా అన్నాను. వాళ్ళు సినిమా అయిపోయినట్టు మెల్లగా కదిలారు.

అప్పుడొచ్చింది పిన్ని.

తాళం పగిలిందని, డబ్బా లేదని పక్కింటావిడ కళ్ళానికి పరిగెత్తి చెప్పిందట. పిన్ని ముందు పొలానికి పరిగెత్తింది. అక్కణ్ణుంచి వాగు గట్టుకు. అక్కణ్ణుంచి చెరుకుతోట బావికి. ఎక్కడా లేకపోతే ఊళ్ళోకి వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, చీర మోకాళ్ళదాకా ముళ్ళతో చిరిగింది, చేతులకు ఇంకా మిరపకాయల ఎరుపు. జనాన్ని రెండు చేతులతో తోసుకుంటూ వచ్చి, బాబాయి గడ్డం పట్టుకుని వంచి, నోరు తెరిపించి వాసన చూసింది. ఒకసారి చూసింది. నమ్మకం కలగక మళ్ళీ చూసింది. బుగ్గలు, పెదాలు, చేతివేళ్ళు, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఊరంతా చూస్తోంది.

"తాగలా?" అంది.

"తాగడమేంది?" అన్నాడు బాబాయి. "పోశా."

పిన్ని ఆ బల్ల వైపు చూసింది, రంపపు పొట్టు వైపు చూసింది. అక్కడే, ఆ తడి నేల మీదే కూలబడింది. నేను వెళ్ళి లేపబోయి, ఏదో అనాలని, "కేసు పోయింది పిన్నీ," అన్నాను.

"నోరు మూసుకోవే!" అని కసిరింది నన్ను. పుట్టి బుద్ధెరిగాక ఆమె నన్ను కసరడం అదే మొదలు. "కేసంటా కేసు. ఇంట్లోంచి పోయింది. అది ఇంట్లోంచి పోయిందే!"

కేసు నిజంగానే పోయింది. గురువారం నేనొక్కదాన్నే వెళ్ళి లాయరుగారికి చెబితే ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కేబుల్ ఓనరుకు మైకు అప్పగించేశాను. గోతంలో ఇంకా తొమ్మిది క్యాసెట్లు ఉన్నాయని ఆయన వారం రోజులు బతిమాలాడు. నాకు కోపం వచ్చి ఒకటి కిటికీలోంచి విసిరేశాను. ఆ తర్వాత ఎన్నడూ ఇంకొకరి మాటలు నేను చెప్పలేదు.

ఆ రోజు కొట్టు దగ్గర నుంచి ముగ్గురం ఇంటికి నడిచాం. ఇంకా ఎండ ఉంది. పిన్ని బాబాయి మణికట్టు గట్టిగా పట్టుకుంది, ఎర్రటి వేళ్ళ గుర్తులు పడేంత గట్టిగా. చేసింది తప్పని ఆయనకు అప్పుడే తెలుస్తున్నట్టుంది. నా మొహంలోకి చూడలేక, మాట మార్చడానికి కాబోలు, దారి వైపు చూస్తూ అడిగాడు.

"మధ్యలో లేచొచ్చేశా. సివరికి ఏమైందమ్మాయ్ ఆ పోలీసుకి?"

పిన్ని నడక ఆపింది. సినిమా ఆమె చూడలేదు. అయినా నా వైపు చూసింది.

"ఏమీ కాలేదు బాబాయ్," అన్నాను. "ఇంటికెళ్ళాడు. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు."

"అంతేనా?" అన్నాడు బాబాయి.

"అంతే," అంది పిన్ని, నేను నోరు తెరిచేలోపే. ఆయన చెయ్యి వదలకుండా మళ్ళీ నడిచింది.